వినాయక మండపం: రోడ్డు మీదా, కమ్యూనిటీ హాల్లోనా?

హైదరాబాద్ కాలనీ కమిటీల్లో ఏటా ఇదే చర్చ.

ఖర్చు: రోడ్డుకు అద్దె లేదు, పందిరి ఖర్చు మాత్రం తప్పదు. హాలుకు అద్దె ఉంది, పందిరి అక్కర్లేదు.

తిరుగుడు: రోడ్డు మీదైతే పోలీసుల పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. విగ్రహం ఎత్తు, నిమజ్జనం తేదీ, బాధ్యుల ఫోన్ నంబర్లు అన్నీ నింపాలి. కరెంటుకు తాత్కాలిక కనెక్షన్ వేరే. హాల్లో మీటరు ముందే ఉంటుంది. ఊరేగింపు ఉంటే మాత్రం పోలీసులకు చెప్పాల్సిందే.

మైకు: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట బంద్. తలుపులు మూసిన హాల్లో, లోపలివాళ్లకే వినిపించేదైతే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో మినహాయింపు ఉంది.

ప్రమాదం: నన్ను భయపెట్టేది ఇదే. స్తంభానికి కొక్కెం వేసి లాగిన తీగ, వానకు తడిసిన ఇనుప పైపు, దాన్ని పట్టుకుని వేలాడే పిల్లలు. రోడ్డు మీదే పెడితే ముందు కనెక్షన్ తీసుకోండి, తర్వాతే గుంజ పాతండి.

పెద్ద విగ్రహం, వీధంతా అన్నదానం అనుకుంటే రోడ్డే, అదీ అంబులెన్సు పట్టేంత వెడల్పుంటేనే. మట్టి గణపతి, ముప్పై కుటుంబాలు, ఇరుకు సందు అయితే హాలే నయం.