స్కౌట్ ట్రూప్‌లో చేర్చే ముందు: ఏళ్ల అనుభవం తర్వాత ఒక సమీక్ష

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కౌటింగ్ పిల్లలకు చాలా మంచిది, కానీ అన్ని ట్రూపులూ, అంటే ఊళ్లలోని స్కౌట్ బృందాలు, ఒకలా ఉండవు. యూనిఫాం ఒకటే, ప్రతిజ్ఞ ఒకటే అయినా, ఒక ట్రూపులో పిల్లవాడు రెండేళ్లు తిరిగేసరికి వానలో టెంటు వేసి, పొయ్యి వెలిగించి, ఎనిమిది మందికి వండి పెట్టగలుగుతాడు. ఇంకో ట్రూపులో అదే రెండేళ్లూ వరసలో నిలబడి విజిల్ వినడంతోనే గడిచిపోతాయి. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే, చేర్చే ముందే సగం పని అయిపోయినట్టు.

అది పుట్టేది ప్యాట్రోల్ దగ్గర. ట్రూపు మొత్తాన్ని ఆరుగురు, ఎనిమిది మంది చొప్పున చిన్న జట్లుగా విడగొడతారు. ప్రతి జట్టుకూ పిల్లల్లోంచే ఒక లీడరు, ఒక సహాయకుడు ఉంటారు. స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి శిబిరంలోనే పిల్లల్ని నాలుగు ప్యాట్రోల్స్‌గా చేశాడు. మిగతా పద్ధతులన్నీ ఈ పునాది మీద లేచినవే. కాబట్టి చేర్చే ముందు ఒక వారం సమావేశం మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడండి. చూడాల్సింది ఒక్కటే: మాట్లాడుతున్నది ఎవరు? పధ్నాలుగేళ్ల లీడరు పదకొండేళ్ల పిల్లకి ముడి వేయడం చూపిస్తున్నాడా, పెద్దవాళ్లు పక్కన నిలబడి గమనిస్తున్నారా? అయితే మంచి ట్రూపే. గంటన్నర సేపూ పెద్దవాళ్ల గొంతే వినిపిస్తే మాత్రం ఆలోచించుకోండి. పిల్లల లీడర్లు నడిపే సమావేశంలో కాస్త గందరగోళం ఉంటుంది, ఆట నియమాల మీద గొడవలవుతాయి, సమయం దాటిపోతుంది. దాన్ని చూసి క్రమశిక్షణ లేదని అనుకోకండి. పని నేర్చుకుంటున్న చోట అలాగే ఉంటుంది.

ట్రూపును నడిపే పెద్దమనిషిని, అంటే స్కౌట్ మాస్టర్‌ని, నాలుగు ప్రశ్నలు నేరుగా అడగాలి. పోయిన ఏడాది పిల్లలు ఎన్ని రాత్రులు శిబిరంలో పడుకున్నారు? లీడర్ల మండలి, అంటే కోర్ట్ ఆఫ్ ఆనర్, ఎంత తరచుగా కూర్చుంటుంది, అక్కడ ఏ నిర్ణయాలు తీసుకుంటారు? డబ్బు లెక్క ఎవరు రాస్తారు, తల్లిదండ్రులకు చూపిస్తారా? పిల్లల రక్షణకు పాటించే నియమాలేమిటి? చివరి ప్రశ్నకు జవాబు తడుముకోకుండా రావాలి. ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకూడదు. పెద్దల టెంట్లు వేరు, పిల్లల టెంట్లు వేరు. ఫోన్ సందేశాలు కూడా ఒక పిల్లకి విడిగా వెళ్లకూడదు, గ్రూపులోనో తల్లిదండ్రులతో కలిపో వెళ్లాలి. కొత్తవాళ్లను ఏడిపించే 'స్వాగతాలు' ఏ రూపంలోనూ ఉండకూడదు. ఈ మాటలకి ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొచ్చుకోవడమే మీకు జవాబు.

చేరిన మొదటి నెల కొంచెం కష్టంగానే ఉంటుంది. మూడో వారానికల్లా 'నాకు నచ్చలేదు' అనే పిల్లలు చాలామంది. పాతవాళ్లకు ఆటలన్నీ తెలుసు, ఒకరి పేర్లు ఒకరికి తెలుసు, కొత్తవాడు ఒక్కడే నిలబడిపోతాడు. ఒక్క శిబిరం అయ్యేదాకా తీర్పు చెప్పకుండా ఆగమని నా సలహా. రాత్రి ఒక టెంటులో పడుకుని, పొద్దున ఒక గిన్నె కడిగిన పిల్లలు ఆ తర్వాతి సమావేశానికి వేరుగా వస్తారు. ఒక్క జాగ్రత్త: కొత్తవాళ్లందర్నీ ఒకే ప్యాట్రోల్‌లో వేస్తే నేర్పేవాళ్లు ఉండరు. అలా జరిగితే స్కౌట్ మాస్టర్‌తో మాట్లాడండి.

యూనిఫాం మొదటి రోజే కొనకండి. ప్రతిజ్ఞ తీసుకునే దీక్ష రోజు దాకా సాధారణంగా కొంత సమయం ఉంటుంది. చొక్కా ఒక సైజు పెద్దది తీసుకోండి, ఎందుకంటే ఇన్‌షర్ట్ చేయాలి, చేతులు పైకెత్తితే బయటికి రాకూడదు. బ్యాడ్జీల స్థానం ముందే అడిగి, గుండుసూదితో పెట్టి చూపించి, అప్పుడు కుట్టండి. జిగురుతో ఇస్త్రీ చేసి అంటించినవి ఉతికే కొద్దీ అంచులు లేస్తాయి. జేబు మీద బ్యాడ్జీ కుట్టేటప్పుడు జేబులోపల ఒక అట్టముక్క పెట్టండి, లేకపోతే జేబు చొక్కాకు కలిసి కుట్టుకుపోతుంది. ఇది ప్రతి ఏడూ ఎవరో ఒకరికి జరుగుతుంది.

స్కార్ఫ్‌ని అలంకారంగా చూడకండి. దాన్ని త్రిభుజంగా మడిచి, బల్ల మీద పరిచి, పొడుగు అంచు నుంచి బిగుతుగా చుట్టుకుంటూ రావాలి. వెనక జానెడు త్రిభుజం మిగలాలి. చుట్ట వదులైతే అరగంటలో విప్పుకుపోతుంది. దెబ్బ తగిలినప్పుడు అదే స్కార్ఫ్ చేతిని మెడకు వేలాడదీసే కట్టుగా పనికొస్తుంది, అయితే సైజు సరిపోవాలి. ప్రథమ చికిత్సలో వాడే త్రిభుజపు కట్టు ఒక మీటరు చదరపు గుడ్డను మూలగా కోస్తే వచ్చేది. మెడ చుట్టూ మాత్రమే సరిపడే చిన్న స్కార్ఫ్‌తో ఆ పని జరగదు.

ప్రతిజ్ఞ గురించి: చిలకపలుకుల్లా అప్పజెప్పించకండి. సెల్యూట్‌లో నిలబెట్టే మూడు వేళ్లు ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తు, కరచాలనం ఎడమచేత్తో చేస్తారు. ఇవి పిల్లలకు రెండు నిమిషాల్లో వస్తాయి. స్కౌట్ నియమాల్లో ఒక్కోదానికి తన వారంలోంచి ఒక ఉదాహరణ చెప్పగలిగితే పిల్లవాడు సిద్ధమైనట్టే.

ఇక సామాను. డబ్బు పెట్టాల్సిన వరస ఇది: బూట్లు, నేల మీద వేసే చాప, వానకోటు, ఆ తర్వాతే బ్యాగు. చాలామంది దీన్ని తలకిందులు చేసి, పెద్ద బ్యాగు ముందు కొంటారు. బూటు ముందు భాగంలో బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, దిగుడులో వేళ్లు ముందుకు జారతాయి కాబట్టి. కొత్త బూట్లతో నేరుగా పాదయాత్రకు పంపవద్దు, రెండు మూడు వారాలు రోజూ కాసేపు వేయించండి. ముందు రోజు కాలిగోళ్లు తీయించండి. నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచుతాయి, తడి చర్మమే బొబ్బ లేస్తుంది. ఉన్నీవో సింథటిక్‌వో మేలు. ఇంకో మాట పిల్లకి ముందే చెప్పి పంపండి: మడమ దగ్గర వేడిగా, మంటగా అనిపించగానే ఆగి టేపు అంటించాలి. 'ఇంకొంచెం నడిచాక చూద్దాం' అన్నవాళ్లందరికీ బొబ్బే.

బ్యాగు బరువు పిల్ల బరువులో అయిదో వంతు దాటకూడదు. నలభై కిలోల పిల్లకి ఎనిమిది కిలోలు, నీళ్లతో కలిపి. నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బరువులో ఎక్కువ భాగం అదే మోయాలి. భుజం పట్టీలు సర్దుకోవడానికే. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని, రెక్క ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున పెడితే బ్యాగు వెనక్కి లాగుతుంది, పిల్ల ముందుకు వంగి నడుస్తుంది, సాయంత్రానికి నడుం నొప్పి. బ్యాగుకు పైన వేసే తొడుగు మీద ఆధారపడకండి. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులో బట్టలు సర్ది, మూతి మెలిపెట్టి కట్టండి. టార్చ్ తలకు పెట్టుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బ్యాగులో ఒత్తుకుని దానంతటదే వెలగకుండా బ్యాటరీకి, రేకుకు మధ్య ఒక కాగితం ముక్క పెట్టండి. రాత్రి అవసరమైనప్పుడు లాగేస్తే చాలు.

సర్దేది మాత్రం పిల్లే. మీరు జాబితా చదవండి, ఒక్కో వస్తువూ పిల్ల చేత్తో లోపలికి వెళ్లాలి. అమ్మ సర్దిన బ్యాగుతో వచ్చిన పిల్లకి చీకట్లో పొడి మేజోళ్లు ఎక్కడున్నాయో తెలియదు. బ్యాగులో అన్నీ ఉండి, తడిసి వణికే పిల్లలు ప్రతి శిబిరంలోనూ కనిపిస్తారు, కారణం ఇదే.

చలి ఎక్కువగా కింది నుంచి వస్తుంది. దుప్పటి ఎంత మందమైనా, ఒంటి బరువు కింద నలిగిన భాగం వెచ్చదనం ఆపలేదు. అందుకే చాప ముందు అన్నాను. పడుకునే ముందు పగలు వేసుకున్న బట్టలన్నీ మార్చాలి, బనియన్, మేజోళ్లతో సహా. చూడ్డానికి పొడిగా ఉన్నా చెమట ఉంటుంది. ముఖం స్లీపింగ్ బ్యాగు లోపల దాచుకుంటే ఊపిరి తేమ లోపలే పేరుకుని తెల్లవారుజామున చలేస్తుంది. తలకు టోపీ, ముఖం బయట.

ముడులు నేర్చుకోవడానికి రెండు మీటర్ల మెత్తటి తాడు, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందం చాలు. చివర్లు పురిపోకుండా దారంతో కట్టాలి. నైలాన్ అయితే పెద్దవాళ్ల ముందు మంటకు చూపించి కరిగించవచ్చు. రెండు కొసల్ని కలిపే రీఫ్ నాట్ ముడికి రెండు రంగుల తాళ్లు ఇవ్వండి, తప్పు వెంటనే కనిపిస్తుంది. సరైన ముడిలో ప్రతి తాడు కొసా తన తాడు పక్కనే సమాంతరంగా పడుకుంటుంది. రెండుసార్లూ కుడినే ఎడమ మీద వేస్తే కొసలు అడ్డంగా పొడుచుకొస్తాయి, ఆ ముడి జారిపోతుంది. రీఫ్ నాట్ కట్టు కట్టడానికి, మూట కట్టడానికి. బరువు వేలాడే చోట రెండు తాళ్లు కలపడానికి వాడితే తిరగబడి ఊడిపోతుంది. అక్కడ షీట్ బెండ్ అనే ముడి వేయాలి, ముఖ్యంగా తాళ్ల మందం వేరుగా ఉంటే.

రెండు కర్రల్ని అడ్డంగా కట్టే స్క్వేర్ లాషింగ్ దాదాపు ప్రతి కొత్త ప్యాట్రోల్‌కూ మొదటిసారి వదులైపోతుంది. నిలువు కర్రకు క్లోవ్ హిచ్ అనే ముడితో మొదలుపెట్టి, రెండు కర్రల చుట్టూ మూడు చుట్లు వేస్తారు, అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత రెండు కర్రల మధ్య నుంచి, వేసిన చుట్లనే పిండేలా రెండు మూడు అడ్డ చుట్లు వేయాలి. బిగువంతా వీటిలోనే ఉంది. చేతులు అప్పటికే అలిసిపోయి ఇక్కడే తేలిగ్గా లాగుతారు. ప్రతి అడ్డ చుట్టుకూ తాడు కొసను ఒక చిన్న కర్రకు చుట్టి, కాలు ఆనించి లాగితే వస్తుంది. చివర అడ్డకర్రకు క్లోవ్ హిచ్. కట్టాక ఊపి చూడాలి, కిర్రుమంటే విప్పి మళ్లీ కట్టాలి.

శిబిరంలో మొదటి రాత్రి వంట ఆలస్యమయ్యేది వంట రాక కాదు, పుల్లలు చాలక. పెన్సిలంత సన్నటి పుల్లలు రెండు చేతుల నిండా పక్కన పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయమని లీడర్లు చెబుతారు. కట్టెల మంట మీద పెట్టే గిన్నెకు బయట సబ్బు రాస్తే మసి సులువుగా వదులుతుంది, గిన్నెలు తోమే వంతు ఉన్నవాళ్లు ఆ మాట మర్చిపోరు.

తల్లిదండ్రులు పంపాల్సిన అతి ముఖ్యమైన వస్తువు ఆరోగ్య పత్రం. అలర్జీలు, ఆస్తమా, మూర్ఛ, రోజూ వేసుకునే మందులు, నిద్రలో పక్క తడిపే అలవాటు, నిద్రలో నడవడం, ఏదీ దాచవద్దు. పక్క తడిపే సంగతి లీడరుకు తెలిస్తే రాత్రి ఒకసారి లేపుతాడు, ఇంకెవరికీ తెలియకుండా గడిచిపోతుంది. తెలియకపోతే పొద్దున టెంటంతటికీ తెలుస్తుంది. ఇన్‌హేలర్ పిల్ల జేబులోనే ఉండాలి, పెద్దల పెట్టెలో కాదు.

బెంగ గురించి ఒక్క మాట. 'ఏడుపొస్తే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను' అని మాటిచ్చి పంపకండి. ఆ మాట విన్న పిల్ల మొదటి కష్టానికే తలుపు వైపు చూస్తుంది. బెంగ సాధారణంగా చీకటి పడ్డాక, పని ఆగిపోయినప్పుడు వస్తుంది. మంచి లీడర్లకి ఇది తెలుసు, ఆ వేళకి చేతిలో ఏదో పని పెడతారు. 'నువ్వు బాగానే ఉంటావు, ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఉంటాను' అని చెప్పండి, చెప్పిన వేళకు కచ్చితంగా ఉండండి.

మీరు సాయం చేయదలచుకుంటే ట్రూపులకు కొరత ఉన్న చోట చేయండి: లెక్కలు రాయడం, సామాను గది చూసుకోవడం, ప్రయాణాలు. బ్యాడ్జీ పరీక్షలో మీ పిల్లకే మీరు సంతకం పెట్టకండి. బ్యాడ్జీల సంఖ్య మీద పక్కింటి పిల్లలతో పోటీ పెట్టకండి. నెలకో బ్యాడ్జీ పంచే ట్రూపులో ఒక ప్రథమ చికిత్స బ్యాడ్జీ ఉన్న పిల్లని పిలిచి కట్టు కట్టమనండి, విషయం తేలిపోతుంది.

శిబిరం నుంచి వచ్చిన టెంటు తడిగా ఉంటే అదే రోజు విప్పి ఆరేయండి. రెండు రోజులు మూటలో ఉంటే బూజు పడుతుంది, ఆ వాసన, మరకలు పోవు. టెంట్లు పాడవడానికి వానకన్నా ఈ రెండు రోజులే ఎక్కువ కారణం. ప్యాట్రోల్ టెంటు మీ ఇంటికి వస్తే మేకుల్ని కూడా లెక్కపెట్టించి, మట్టి తుడిపించి, తక్కువైతే ఆ వారమే సామాను చూసుకునే క్వార్టర్ మాస్టర్‌కు చెప్పించండి.

ఊరు మారినా, ట్రూపు కుదరకపోయినా స్కౌటింగ్ ఆపేయనవసరం లేదు. పిల్ల ప్రగతి పుస్తకంలో ప్రతి పరీక్షకూ తేదీ, పరీక్షించినవారి సంతకం ఉన్నాయో లేదో ఆరు నెలలకోసారి చూడండి, పేజీలు ఫొటో తీసి దాచండి. కొత్త ట్రూపు అడిగేది అవే. సంతకం లేని పరీక్షల్ని చాలాచోట్ల మళ్లీ పెడతారు.