‘జపాన్ మార్నింగ్ గ్లోరీ’ విత్తనాలు తెప్పించుకుంటున్నారా? వచ్చిన రాత్రే మూడు గింజలు నానబెట్టండి

మిద్దెతోట పెంచుకునే వాళ్లందరూ ఒకసారి చదవండి, ముఖ్యంగా ఫోటో చూసి విత్తనాలు కొనే అలవాటున్నవాళ్లు. నేను అలా కొనే మోసపోయాను.

మే నెలాఖరులో ఆన్‌లైన్‌లో ఒక పేజీ చూసి ‘జపాన్ మార్నింగ్ గ్లోరీ, ఆరు రంగులు’ అనే పూలతీగ విత్తనాల సెట్ తెప్పించాను. రంగుకు పది గింజలు, 349 రూపాయలు, కొరియర్‌కు ఇంకో 60. డబ్బు ఫోన్‌లోనే ఒక నంబరుకు పంపేశాను, బిల్లు అడగలేదు. అది నా మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది. అనంతపురం ఎండల్లో మేలో గింజ వేస్తే మాడిపోతుంది, మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక వేద్దాంలే అని కవర్లు డబ్బాలో దాచాను. కవరు వెనక చిన్న అక్షరాల్లో ‘ఫిర్యాదులు 7 రోజుల్లోపు మాత్రమే’ అని ఉంది. అది నా కంటపడేసరికి రెండు వారాలు దాటింది.

ఇక ఏం మొలిచాయో వినండి. ‘రేర్ రెడ్ స్టార్’ అన్నది చూసి మా అత్తమ్మ ఒకటే నవ్వు. "ఇది కాశీరత్నం కదమ్మా! మా పుట్టింట్లో దడి మీద దానంతటదే పాకేది. దీన్ని దుడ్లిచ్చి కొన్నావా?" నిజానికి కాశీరత్నం కూడా మార్నింగ్ గ్లోరీ కుటుంబమే, పైగా అందంగానే ఉంటుంది. కానీ జపాన్ నుంచి వచ్చిన అరుదైన రకం కాదు, ఎవరినడిగినా గుప్పెడు గింజలు ఊరికే ఇస్తారు. ‘స్కై బ్లూ’ కవరులోంచి శంఖుపూల తీగ వచ్చింది. మా వీధిలో నాలుగిళ్ల గేట్ల మీద ఉంది అది. ‘గోల్డెన్ ఎల్లో’ గింజలు నల్లగా మెరుస్తూ ఆవాల కన్నా సన్నగా ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది. మొలిచింది తోటకూర. ఆ పూట పప్పులో వేసుకున్నాం, 349లో గిట్టుబాటైంది అదొక్కటే. రెండు కవర్లు అసలు మొలవనే లేదు. ఊదా రంగు ఒక్కటి మాత్రం నిజంగా మార్నింగ్ గ్లోరీయే.

అమ్మినవాణ్ని అడిగితే మొదట "మేడమ్, ఓపిక పట్టండి, పూలు వచ్చాక చూడండి" అన్నాడు. తర్వాత "మీ ఊరి వెదర్ ప్రాబ్లమ్" అన్నాడు. తోటకూర ఫోటో పెట్టాక నన్ను బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకుందామన్నా నా దగ్గర బిల్లు లేదు, వాడి చిరునామా లేదు, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయి.

ఆ ఒక్క ఊదా మొక్క వల్లే నాకు అసలు కిటుకు తెలిసింది. పూలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మొదటి రెండాకులే చెప్పేస్తాయి. మార్నింగ్ గ్లోరీ గింజ మొలిస్తే విత్తనపు ఆకులు రెండూ మధ్యలో చీలి సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకుంటాయి. కాశీరత్నానికైతే ఆ చీలిక చాలా లోతుగా, సన్నగా, తెరిచిన కత్తెరలా ఉంటుంది. గింజలోనూ తేడా ఉంది. మార్నింగ్ గ్లోరీ గింజ ముదురు రంగులో, ఒకవైపు గుండ్రంగా, రెండువైపులా చెక్కినట్టు నారింజ తొనలా ఉంటుంది. శంఖుపూల గింజకు ఆ అంచులు ఉండవు, చిక్కుడు జాతి కాబట్టి చిన్న బొబ్బర గింజలా ఉంటుంది.

అందుకే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఆ రాత్రే కవరుకు మూడు గింజలు తీయండి. పైపొర గట్టిది, గరుకు కాగితం మీద ఒకపక్క కాస్త రుద్ది గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. పొద్దునకు ఉబ్బినవాటిని తడి మట్టిలో అర అంగుళం లోతున పెడితే మన వేడికి ఐదారు రోజుల్లో ఆకు విప్పుతాయి. ఏడు రోజుల గడువు ఉన్నా సరిపోతుంది. ఆగస్టులో ఇంకోచోట 40 రూపాయల కవరు కొని ఇలాగే చేశాను. మళ్లీ కత్తెర ఆకులే! ఆరో రోజే ఫోటో పంపితే ఆయన మాత్రం మారుమాట్లాడకుండా డబ్బు వెనక్కి వేశాడు. అన్నట్టు, ఈ గింజలు తింటే విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో గిన్నెలో నానబెట్టి మరిచిపోకండి.

రకం పోల్చుకోవడం ఆ తర్వాతి సంగతి. జపాన్‌లో అసగావో అని పెంచే జాతికి ఆకు ఎక్కువగా మూడు పాయలుగా, నూగుతో ఉంటుంది, పువ్వు కింది రక్షకపత్రాల కొనలు పొడుగ్గా సాగి ఉంటాయి. ఆకాశనీలం పూలు పూసే ‘హెవెన్లీ బ్లూ’ మార్నింగ్ గ్లోరీ దాని చెల్లెలు కాదు, మెక్సికో వైపు జాతి. దాని ఆకు నున్నగా, హృదయాకారంలో ఉంటుంది.

ఫోటోలనూ పట్టుకోవచ్చు. ఈ హెవెన్లీ బ్లూ మొగ్గ ఎర్రటి ఊదా రంగులో ఉండి, విచ్చుకునేటప్పుడు నీలమవుతుంది. రేకుల కణాల్లో పీహెచ్ (పులుపు-క్షారం కొలత) 6.6 నుంచి 7.7కు పెరగడమే కారణమని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. అంటే ఫోటోలో మొగ్గలు కూడా ఆకాశనీలంగా ఉంటే అది రంగు పులిమిన ఫోటో అన్నమాట. అసగావోలో నిండు పసుపు కోసం 2014లో అక్కడివాళ్లు స్నాప్‌డ్రాగన్ అనే వేరే పూలమొక్క జన్యువు ఎక్కించాల్సి వచ్చింది. అలాంటిది మనకు కొరియర్‌లో 349కి వస్తుందా? నేను నమ్మాను చూడండి!

ఉన్న ఊదా తీగ సంగతి కూడా చెప్తాను. ఆషాఢ గాలికి ఒకసారి తీగంతా చుట్టచుట్టుకుపోయింది, పిట్టగోడ చాటుకు మార్చి తాడు కట్టాను. పేడ ఎరువు దండిగా వేస్తే ఆకులే వచ్చాయి, ఆపేశాక పూసింది. పొద్దున ఆరింటికి చూస్తే కళ్లు చాలవు, పదయ్యేసరికి వాడిపోతాయి. కాయలు గోధుమ రంగుకు ఎండుతున్నాయి, ఊళ్లో ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను.

మొన్న అదే ఫోటో వేరే పేరున్న పేజీలో కనబడింది. ఈసారి ధర 499. మొగ్గలు ఇంకా నీలంగానే ఉన్నాయి.