దుప్పటికి 12 యూరోలు, పొగ బీరుకు దండం

మా తెనాలిలో బస్టాండు పక్కన లాడ్జివాడు కూడా దుప్పటికి విడిగా డబ్బులు అడగడు. జర్మనీలోని బాంబెర్గ్‌లో అడిగారు, మనిషికి 12 యూరోలు. ఇది రాయడానికి కూర్చుంది సగం ఆ మంట మీదే. మిగతా సగం, మా నాన్న అక్కడి పొగ బీరు తాగి అన్న ఒక్క మాట కోసం.

మేముండేది ఎర్లాంగెన్‌లో. చుట్టుపక్కల ఫ్రాంకెన్ అనే ఈ ప్రాంతమంతా బీరు కాచే చిన్న చిన్న బ్రూవరీలే, ఊరికొకటి, కొన్ని ఊళ్లలో నాలుగైదు. మూడు నెలల వీసా మీద నాన్న వచ్చారు. చెల్లెలి పురుడు ఉందని అమ్మ రాలేదు. సరిగ్గా అప్పుడే ఆఫీసు పని మీద మ్యూనిక్ వచ్చిన మా బావమరిది కూడా తోడయ్యాడు. వీడు హైదరాబాద్ మైక్రోబ్రూవరీలన్నీ చుట్టేసిన మనిషి, బీరు గురించి మాట్లాడితే ఆపడు.

శుక్రవారం రైలెక్కాం. నాకూ మా ఆవిడకూ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, దేశమంతా లోకల్ రైళ్లలో తిరిగే నెలవారీ పాసు, 2025లో నెలకు 58 యూరోలు ఉండేది. వాళ్లిద్దరికీ బయేర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో తిరిగే ఒకరోజు టికెట్, తీసుకున్నాం. అది పనిరోజుల్లో ఉదయం 9 దాటాకే చెల్లుతుంది. తొమ్మిదికి ముందు రైలెక్కి ఫైన్ కట్టినవాళ్లు నాకు తెలుసు, జాగ్రత్త.

బాంబెర్గ్‌లో ముందు వెళ్లాల్సింది ష్లెంకెర్లా అనే పాత బ్రూవరీకి. పాత ఊళ్లో, కేథడ్రల్ గుట్ట కింద ఉంటుంది. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటి కాగితాల్లోనే ఉందట. లోపల నల్లబడిన దూలాలు, పొడుగాటి బల్లలు. ఇక్కడి సరుకు రౌఖ్‌బియర్, అంటే పొగ బీరు. మొలకెత్తిన బార్లీని బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగ గింజకు పట్టేస్తుంది. ఒకప్పుడు చాలా బీర్లు ఎంతో కొంత పొగ వాసన వేసేవే. పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక అందరూ మారిపోయారు, ఈ ఊళ్లో రెండిళ్లవాళ్లు మాత్రం మారలేదు. ఇదొకటి, 1536 నుంచి ఉన్న ష్పెట్సియాల్ రెండోది. పీపా బల్ల మీద పెట్టి, కుళాయి తిప్పి, నేరుగా గ్లాసులోకి వంచుతారు. గ్యాసూ లేదు, పంపూ లేదు.

బావమరిది ఒక గుక్క వేసి మొహం అదోలా పెట్టాడు. "బావా, ఇది బీరా? ఎవరో తందూరీ చికెన్ కడిగిన నీళ్లలా ఉంది" అన్నాడు. పైగా మామిడిపండు ఫ్లేవర్ బీరు ఉందా అని అడిగాడు. వడ్డించే పెద్దాయన నవ్వి, మాల్టు (ఆ మొలకెత్తిన బార్లీయే), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వు), నీళ్లు, ఇంతే అని మూడు వేళ్లు చూపించి వెళ్లిపోయాడు. గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీదే రాసి ఉంది, మొదటి గుక్క వింతగా ఉంటే నొచ్చుకోకు, దాహం ఎలాగూ ఆగదు అని.

నాన్న మాత్రం ఏమీ మాట్లాడలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "దాలి పాల వాసన రా." నాయనమ్మ పిడకల దాలిలో కుండ పెట్టి పాలు కాచేదట, సాయంత్రానికి మీగడ ఎర్రగా కట్టేదట. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కూడా ఆ దాలి ఉండేదట. ఏడాదికి ఒకసారి, అదీ పెళ్లిళ్లలో అరగ్లాసు ముట్టే మనిషి, ఆ రోజు రెండు గ్లాసులు పూర్తిచేశారు.

ఒక హెచ్చరిక. మెనూలో బాంబెర్గ్ ఉల్లిపాయ అని కనబడుతుంది. ఉల్లిపాయే కదా అనుకోకండి, లోపల పంది కీమా కూరతారు. శాకాహారి అయిన మా ఆవిడ అది ఆర్డర్ చేయబోయి ఆఖరి నిమిషంలో తప్పించుకుంది. తర్వాత వెన్న రాసిన రొట్టెతో, రుసరుసలతో భోజనం ముగించింది. నలుగురికీ 61 యూరోల 40 సెంట్లు. నోట్లు దగ్గర ఉంచుకోండి, ఈ ప్రాంతంలో చాలాచోట్ల కార్డు తీసుకోరు.

అరగంట చిల్లర ప్రయాణానికి ఇల్లు ఉండగా అక్కడ రాత్రి ఉండటమేమిటి అని మా ఆవిడ ముందే అంది. నాన్నకు దీపాల్లో ఊరు చూపిద్దామని నేనే బుక్ చేశాను. పాత ఊళ్లో రెండు గదుల అపార్ట్‌మెంట్, 118 యూరోలు. ఫొటోలో కిటికీ బయట నది. వెళ్లేసరికి తాళంచెవి పెట్టెకు వాళ్లిచ్చిన నంబరు పనిచేయలేదు. ఫోన్ చేస్తే 40 నిమిషాలకు ఓనరమ్మ వచ్చింది. రాగానే క్లీనింగ్‌కి 45, దుప్పట్లకు నలుగురికీ 48 నగదు ఇమ్మంది. ఎక్కడుంది ఈ మాట అంటే, ఫోన్ తీసి పేజీ అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న జర్మన్ వాక్యం చూపించింది. మొత్తం 211 యూరోలు. నది కనబడాలంటే బాత్రూమ్ కిటికీలోంచి మెడ బయటపెట్టాలి. మిగతా కిటికీలన్నీ ఖాళీ పీపాలు పేర్చే పెరటివైపే. తెల్లవారి అయిదున్నరకు ఇనప పీపాలు లారీలోంచి దించడం మొదలుపెట్టారు. నాన్న లేచి కూర్చుని "గ్యాస్ బండల లారీ వచ్చినట్టుంది" అన్నారు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకని నా మాట వినండి. పగలంతా బాంబెర్గ్‌లో తిరగండి, రాత్రికి నురెంబర్గ్ వైపు రైలు పట్టుకుని వచ్చేయండి.

ఆదివారం మా ఆవిడ కారు నడపగా ఔఫ్‌సెస్ వెళ్లాం. జనాభాతో పోలిస్తే బ్రూవరీలు ఎక్కువగా ఉన్న ఊరని 2000లో గిన్నిస్‌కెక్కిన పల్లెటూరు. నడిచాం, తాగాం, వచ్చాం.

అసలు చెప్పాల్సింది శనివారం సంగతి. తిరుగుదారిలో ఫోర్ఖ్‌హైమ్‌లో దిగాం. ఊరి చివర గుట్ట మీద అడవి, అందులో ఇరవైకి పైగా కెల్లర్లు. కెల్లర్ అంటే నేలమాళిగ. ఫ్రిజ్‌లు లేని కాలంలో బీరు చల్లగా ఉండాలని గుట్టలో సొరంగాలు తవ్వి దాచేవారు. పైన చెట్ల నీడన బల్లలేసి అమ్మడం మొదలుపెట్టారు. అందుకే ఇక్కడివాళ్లు నేలమాళిగలోకి దిగుతాం అనరు, మీదికి వెళ్తాం అంటారు. బవేరియా బీరుతోటల్లో ఓ పాత మర్యాద ఉంది: తాగేది అక్కడ కొనాలి, తిండి ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. అన్నిచోట్లా ఒప్పుకోరు, ముందు అడగండి. మేము అడిగాం, సరేనన్నారు.

మా ఆవిడ స్టీలు డబ్బా మూత తీసింది. ముందురోజు పొద్దున కలిపిన పులిహోర, చింతపండు బాగా పట్టి ఇంకా రుచి తేలింది. అప్పటిదాకా ముడుచుకున్న మొహం అప్పుడు విప్పింది. అదే బల్లకు ఆ చివర కూర్చున్న ముసలి దంపతులు గళ్లగుడ్డ పరిచి ముల్లంగి చక్రాల్లా కోస్తున్నారు. నాన్న ఒక ఆకుప్లేటులో పులిహోర అటు జరిపారు, వాళ్లు ఉప్పు చల్లిన ముల్లంగి ఇటు జరిపారు. ఆయన ఎండుమిర్చి కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ గ్లాసెత్తాడు. బావమరిది పొగలేని మామూలు బీరు మూడు గ్లాసులు లాగించి, హైదరాబాద్ ఊసే ఎత్తలేదు. బిల్లు 24 యూరోలు. గ్లాసులకు కట్టిన డిపాజిట్ తిరిగిచ్చారు.

గుట్ట దిగుతుంటే నాన్న చేతిసంచిలో గాజు చప్పుడైంది. చూస్తే ష్లెంకెర్లా సీసా. ఎప్పుడు కొన్నారో మాకెవరికీ తెలియదు.

"మీ అమ్మకి వాసన చూపిద్దామని" అన్నారు.