భుజం టెండన్ చిరిగితే కుట్టించడం మేలా, కసరత్తు మేలా?

అరవైకి దగ్గరపడిన మనిషి జడ వేసుకోవడానికో, అటక మీది డబ్బా అందుకోవడానికో చెయ్యి ఎత్తితే భుజం పక్కన కలుక్కుమంటుంది. రాత్రి ఆ వైపుకు తిరిగి పడుకోవడం కూడా కష్టమవుతుంది. కొన్నాళ్లు ఓర్చుకుని ఎమ్మారై తీయిస్తే, రిపోర్టు చివర సుప్రాస్పైనేటస్ టెండన్‌లో (టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ) 'ఫుల్ థిక్‌నెస్ టేర్', అంటే మందం అంతా తెగిన పూర్తి చిరుగు, అని ఉంటుంది. చిరిగినదాన్ని కుట్టించాలి గదా అని ఇంటిల్లిపాదికీ అనిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమో పరీక్షించిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. ఒకే ప్రశ్నకు ఫిన్లాండ్‌లో ఒక జవాబు, నార్వేలో మరొక జవాబు వచ్చాయి. ఏది మేలో తేల్చుకోవాలంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసిందే.

ముందు చిరుగు సంగతి. రెక్క ఎముక నుంచి బయలుదేరే నాలుగు కండరాల టెండన్లు చేతి ఎముక తలను టోపీలా కప్పి, దాన్ని గూటిలో నిలబెడతాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. అన్నిటికన్నా పైన ఉండే సుప్రాస్పైనేటస్ ఎక్కువగా అరిగి చిరుగుతుంది. జపాన్‌లో ఒక గ్రామంలో 664 మందికి అల్ట్రాసౌండ్ చేసి 2013లో ప్రచురించిన సర్వేలో 22.1 శాతం మందికి పూర్తి మందం చిరుగు కనిపించింది. యాభై ఏళ్ల లోపు వారిలో ఒక్కరికీ లేదు, ఎనభైల్లో ఉన్నవారిలో 36.6 శాతానికి ఉంది. చిరుగు ఉన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఏ బాధా లేదు. అంటే వయసు మళ్లినవారి స్కాన్‌లో చిరుగు కనబడినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేం. నొప్పి తగ్గాలంటే చిరుగు పూడాలనీ దీని నుంచి తేలదు.

ఫలితాలను కొలిచే సాధనం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే రాబోయే అంకెలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. కాన్‌స్టంట్ స్కోరు 100 పాయింట్లకు ఉంటుంది: నొప్పికి 15, రోజువారీ పనులకు 20, కదలికకు 40, బలానికి 25. బలం కొలిచేటప్పుడు చేతిని భుజం ఎత్తున చాపించి, మణికట్టు దగ్గర స్ప్రింగ్ తక్కెడ తగిలించి, రోగి ఎంత లాగగలడో చూస్తారు. పౌనుకు ఒక పాయింటు, 25 దాకా. చెయ్యి ఆ ఎత్తుకు లేవకపోతే బలానికి సున్నాయే. రెండు వర్గాల మధ్య సుమారు పది పాయింట్ల తేడా ఉంటేనే రోగికి తన శరీరంలో అది తెలుస్తుందని సాధారణంగా లెక్క వేస్తారు, ఈ అంచనాలో భేదాభిప్రాయాలు లేకపోలేదు.

ఫిన్లాండ్ అధ్యయనంలో 55 ఏళ్లు దాటినవారి 180 భుజాలను తీసుకున్నారు. అన్నీ దెబ్బ తగలకుండా, అరుగుదల వల్ల వచ్చిన సుప్రాస్పైనేటస్ చిరుగులే. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా మూడు వర్గాలు చేశారు: మొదటి వర్గానికి ఫిజియోథెరపీ మాత్రమే, రెండో వర్గానికి దానితోపాటు టెండన్ పైన ఉన్న ఎముక అంచును చెక్కే ఆపరేషన్, మూడో వర్గానికి ఆ రెండింటితోపాటు చిరుగును కుట్టడం. ఏడాది తర్వాత సగటు స్కోర్లు వరుసగా 74.1, 77.2, 77.9 వచ్చాయి. ఈ తేడాలకు గణాంకపరంగా ప్రాముఖ్యం లేదు. రెండేళ్లకు మూడు వర్గాల్లోనూ మెరుగుదల 18.4, 20.5, 22.6 పాయింట్లు. అయిదేళ్ల తర్వాతా ఇదే తీరు. కుట్టిన వర్గంలో రెండేళ్లకు చిరుగు చిన్నదిగా ఉన్నప్పటికీ, ఆ లాభం చేతి పనితీరులో బయటపడలేదు.

నార్వేలో ఓస్లో సమీపంలోని ఆసుపత్రిలో జరిగిన అధ్యయనంలో 103 మంది ఉన్నారు. చిరుగు 3 సెంటీమీటర్లు మించకూడదన్నది షరతు. 52 మందికి నేరుగా కుట్టు వేశారు. 51 మందికి ఫిజియోథెరపీ చేయించి, అది పనిచేయకపోతే తర్వాత ఆపరేషన్‌కు వెళ్లే వెసులుబాటు ఉంచారు. ఏడాదికి కుట్టు వర్గం కాన్‌స్టంట్ స్కోరులో 13 పాయింట్లు ముందుంది. అయిదేళ్లకు ఆ తేడా 5 పాయింట్లకు దిగింది. అక్కడితో ఆగిపోయి ఉంటే కసరత్తే చాలునని రాసేవాళ్లం. కానీ 2019లో వెలువడిన పదేళ్ల ఫలితాల్లో అది మళ్లీ పెరిగి 9.6 పాయింట్లయింది.

ఈ పెరుగుదలకు కారణం అయిదేళ్ల నాటి అల్ట్రాసౌండ్‌లోనే కొంత కనబడింది. కుట్టని చిరుగుల్లో 37 శాతం 5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పెరిగాయి, పెరిగినవారి ఫలితాలు తక్కువగా ఉన్నాయి. టెండన్ ఎముక నుంచి విడిపోయి ఎక్కువ కాలం ఉంటే దాని కండరం సన్నబడి, పీచు మధ్యలో కొవ్వు చేరుతుంది. అలా చేరిన కొవ్వు తర్వాత కుట్టు వేసినా పోదు. అందువల్ల ఈ రెండు మార్గాల పోలికలో 'ఎన్నేళ్ల తర్వాత చూస్తున్నాం' అన్నదే అన్నింటికన్నా బరువైన ప్రశ్న అని నాకు అనిపిస్తుంది. డెబ్బై అయిదేళ్ల మనిషికీ, ఇంకా పదిహేనేళ్లు బరువులు ఎత్తుతూ బతకవలసిన యాభై రెండేళ్ల మేస్త్రీకీ ఆ పదేళ్ల అంకె ఒకే విధంగా వర్తించదు.

రెండు అధ్యయనాల్లో చేరిన రోగులూ ఒక్కలాంటివారు కారు. ఫిన్లాండ్‌లో దెబ్బ తగిలినవారిని చేర్చుకోలేదు, సగటు వయసు 65. నార్వేలో దెబ్బ వల్ల చిరిగినవారూ ఉన్నారు, సగటు వయసు అరవై దగ్గర ఉంది. చిన్న వయసు టెండన్ బాగా అతుక్కుంటుంది. అయితే స్వీడన్‌లో 58 మంది మీద జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనం వేరేలా చెప్పింది. దెబ్బ వల్ల వచ్చిన చిన్న సుప్రాస్పైనేటస్ చిరుగుల్లోనూ ఏడాదికి కుట్టిన, కుట్టని వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి 'దెబ్బ తగిలిందా, అయితే కుట్టు' అన్న తీర్పు కూడా అంత సులువుగా చెప్పదగ్గది కాదు.

ఫిన్లాండ్, నార్వే అధ్యయనాలు రెండింటికీ ఒక లోపం ఉంది. ఆపరేషన్ అయిందో లేదో రోగికి తెలుసు, ఆ తెలివిడి కూడా నొప్పి తగ్గిందని చెప్పేలా చేయగలదు. ఈ అనుమానం గట్టిదేనని బ్రిటన్‌లో జరిగిన సీశా అనే అధ్యయనం చూపించింది. 32 ఆసుపత్రుల్లో 313 మందిని మూడు వర్గాలుగా విడదీశారు. కొందరికి ఎముక అంచు చెక్కారు, కొందరికి కెమెరా లోపలికి పంపి చూసి ఏమీ చెక్కకుండా బయటికి తీశారు, మిగిలినవారికి ఏ చికిత్సా చేయలేదు. ఆరు నెలలకు 48 పాయింట్ల ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోరులో సగటులు వరుసగా 32.7, 34.2, 29.4. చెక్కినవారి కన్నా చెక్కనివారే కాస్త పైన ఉన్నారు! ఆపరేషన్ వర్గాలకూ ఏ చికిత్సా లేనివారికీ మధ్య ఉన్న తేడా సైతం రోగికి తెలిసేంత పెద్దది కాదని పరిశోధకులు తేల్చారు. ఫిన్లాండ్‌లో 210 మందితో జరిపి 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో కూడా చెక్కడానికి, కేవలం కెమెరాతో చూడడానికి మధ్య రెండేళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ ఎముక చెక్కుడు ఒక్కటే ఎవరైనా సూచిస్తే వద్దనడానికి సంకోచించనక్కరలేదు.

కుట్టు వైపున రోగికి చాలాసార్లు ముందుగా చెప్పని విషయం, కుట్టు ఊడిపోవడం. బ్రిటన్‌లోనే 273 మందితో జరిగిన మరో అధ్యయనంలో పెద్ద కోతతో కుట్టడాన్నీ, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ కుట్టే కీహోల్ పద్ధతినీ పోల్చారు. రెండేళ్లకు ఫలితాల్లో తేడా లేదు. కానీ పెద్ద కోత వర్గంలో 38.6 శాతం, కీహోల్ వర్గంలో 46.4 శాతం చిరుగులు మళ్లీ కనిపించాయి. విచిత్రమేమంటే, కుట్టు నిలవనివారు కూడా మొదటికన్నా మెరుగయ్యారు, నిలిచినవారు ఇంకాస్త ఎక్కువ మెరుగయ్యారు. ఈ అధ్యయనంలో మొదట విశ్రాంతి, తర్వాత కసరత్తు అనే వర్గం కూడా ఉండేది. అందులోని వారిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆపరేషన్‌కే వెళ్లిపోవడంతో దాన్ని ఆపేయవలసి వచ్చింది.

కసరత్తు నిలవాలంటే రోగి నమ్మకం కావాలని అమెరికాలో 452 మందిని గమనించిన బృందం కూడా చూసింది. దెబ్బ లేకుండా వచ్చిన పూర్తి చిరుగులున్నవారితో ఫిజియోథెరపీ చేయిస్తే, రెండేళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవారు నాలుగో వంతు కూడా లేరు. వెళ్లినవారిలో ఎక్కువమంది ఆరు నుంచి పన్నెండు వారాల మధ్యే నిర్ణయించుకున్నారు. 'వ్యాయామం నాకు పనిచేయదు' అని ముందే అనుకోవడమే ఆపరేషన్‌కు వెళ్లేవారిని పట్టి చూపింది. చిరుగు పరిమాణానికి ఆ బలం లేదు. ఇది యాదృచ్ఛికంగా విడదీసిన అధ్యయనం కాదు కాబట్టి దాని మాటకు ఆ మేరకే విలువ ఇవ్వాలి.

ఫిజియోథెరపీ అనగానే వారానికి మూడు సార్లు క్లినిక్‌కు తిరగడం, కరెంటు పెట్టించుకోవడం అనుకోనక్కరలేదు. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 708 మందిని చేర్చారు. రొటేటర్ కఫ్ బాధలున్న వీరిలో కొందరికి ఒకే ఒక్కసారి సలహా ఇచ్చి ఇంటి వ్యాయామాలు నేర్పారు, మిగిలినవారికి ఆరు సార్ల వరకు ఫిజియోథెరపిస్టు దగ్గర క్రమంగా పెంచే వ్యాయామాలు చేయించారు. ఏడాదిలో రెండింటి మధ్య తేడా లేదు. అదే అధ్యయనంలో కొందరికి ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ ఎనిమిది వారాలకు కొద్దిగా ఉపశమనం ఇచ్చింది, ఆ తర్వాత దాని జాడ లేదు. రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లను ఎక్కించే పీఆర్‌పీ ఇంజక్షన్‌కూ ఉప్పునీటి ఇంజక్షన్‌కూ 40 మంది మీద పోలిక పెట్టిన టర్కీ అధ్యయనంలో ఏడాదికి తేడా రాలేదు. మన నగరాల్లో దానికి అడుగుతున్న ధరలు విన్నప్పుడల్లా ఈ 40 మంది గుర్తొస్తారు.

వ్యాయామం వైపు ఖర్చు సమయమే: రోజూ పావుగంట, పన్నెండు వారాలు. కుట్టు వైపు ఖర్చు స్లింగ్‌తో మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి ఛాతీకి ఆనించి ఉంచాలి. అన్నం కలుపుకునే చెయ్యే అయితే ఇంట్లో ఒకరు కూర్చుని తినిపించాలి, లేదా చెంచా పట్టాలి. బరువు ఎత్తడానికి సుమారు మూడు నెలలు, పూర్తి బలానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. షుగర్ ఉన్నవారికీ, పొగతాగేవారికీ కుట్టు నిలిచే అవకాశం తగ్గుతుంది.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. అరవై అయిదు దాటి, దెబ్బ తగలకుండా చిన్న చిరుగు వచ్చినవారికి ముందు పన్నెండు వారాల కసరత్తే మేలు. యాభైల్లో ఉండి, భుజంతో పనిచేసి బతికేవారు, చిరుగు సెంటీమీటరున్నర దాటినవారు, అంతకుముందు బాగున్న చెయ్యి, కింద పడడం వల్ల ఒక్కసారిగా లేవనివారు మాత్రం ఆ పన్నెండు వారాలు వేచి ఉండే ముందు కూడా ఆలోచించుకోవాలి. ఉన్నట్టుండి చెయ్యి పైకి లేవకపోవడం మీద ఈ అధ్యయనాలు దాదాపు ఏమీ చెప్పవు, సర్జన్‌ను త్వరగా చూడవలసిందే. కసరత్తు ఎంచుకున్నవారు ఏడాది, రెండేళ్లకోసారి అల్ట్రాసౌండ్ చేయించి చిరుగు పెరుగుతోందేమో చూసుకోవాలి. నార్వే అధ్యయనంలో కసరత్తుకు పంపిన 51 మందిలో 12 మంది మొదటి అయిదేళ్లలో ఆపరేషన్‌కు వెళ్లారు, తర్వాతి అయిదేళ్లలో ఇద్దరే వెళ్లారు. ఆలస్యంగా వెళ్లిన ఆ 14 మంది పదేళ్లకు, మొదటే కుట్టించుకున్నవారికన్నా 10 పాయింట్లు వెనుకబడి ఉన్నారు.