తుంటి కీలు నిలబెట్టిన బొమ్మ: లారీగా మారే రోబోతో కొన్నేళ్ల అనుభవం

లారీగా మారే రోబో బొమ్మల గురించి రాసేవారు ఎక్కువగా ముఖం తీర్చిన తీరును, రంగుల మెరుపును మెచ్చుకుంటారు. కొన్నేళ్లుగా నా దగ్గరున్న బొమ్మలో నన్ను కట్టిపడేసినది మాత్రం దాని తుంటి కీలు. దాని మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ కీలు లోపల ఒక పళ్ల చక్రం, దానిని నొక్కిపట్టే ఒక చిన్న స్ప్రింగు ఉంటాయి. దీనిని రాట్చెట్ అంటారు. కాలును ముందుకో పక్కకో కదిపితే, పాత వాచీకి కీ ఇచ్చేటప్పుడు వినిపించే టిక్కుటిక్కు శబ్దంతో ఒక్కొక్క పన్నూ దాటుతూ వెళ్లి, వదిలిన చోట గట్టిగా నిలుస్తుంది. లారీ వెనుక భాగమంతా మడత విప్పుకొని రోబో కాళ్లుగా మారుతుంది కనుక చక్రాలు, డీజిల్ ట్యాంకులు, పాదాల్లోని డైకాస్ట్ (కరిగించి అచ్చులో పోసిన) లోహపు ముక్కలు అన్నీ మోకాళ్ల కిందికి చేరతాయి. క్యాబిన్ అంతా ఛాతీగా, వీపుగా మారి పైన కూర్చుంటుంది. ఇంత బరువును గుంటలో బంతి తిరిగినట్టు తిరుగుతూ కేవలం రాపిడి మీద ఆధారపడే బంతి కీలు ఎక్కువ కాలం మోయలేదు. ఒక మోకాలు నేలకు ఆనించి, చేయి ముందుకు చాచిన భంగిమలో దీనిని అలమరలో పెడితే నెలల తరబడి వెంట్రుకవాసి కూడా కదిలేది కాదు. 1984లో హాస్‌బ్రో సంస్థ జపాన్‌కు చెందిన తకారా బొమ్మలను ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమెరికాలో విడుదల చేసినప్పటి తొలి బొమ్మల్లో చాలావాటికి కాళ్లు కదిలే వీలే తక్కువ; వాహనంగా ముచ్చటగా ఉన్నవి కూడా రోబోగా కొయ్యబారినట్టు నిలబడేవి. నా బొమ్మ ఆ సంస్థలది కాదు, ఆ కోవలోనే మరొకరు తయారుచేసినది. అయినా ఆ పాతవాటితో పోల్చి చూసినప్పుడే ఈ కీలు విలువ నాకు బాగా తెలిసింది.

రెండో వేసవి దాటాక కుడి తుంటిలో టిక్కు మాయమైంది. మొదట శబ్దం మెత్తబడింది, తరువాత కాలు జారడం మొదలైంది, చివరకు ఒకరోజు బొమ్మ అలమరలో బోర్లా పడి కనిపించింది. తొడ లోపలివైపున్న స్క్రూ విప్పబోతే దాని తల తుప్పుతో అరిగిపోయి స్క్రూడ్రైవరు జారిపోయింది. మాది కొత్తపట్నం. సముద్రపు ఉప్పు గాలికి ఇక్కడ కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలుతుంటాయి కనుక కారణం ఊహించగలిగాను. ఒంగోలు ట్రంకు రోడ్డులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఎంతో ఓపికగా స్క్రూ తీసి, లోపల చూసి, "ఇదేంది సార్, బొమ్మ కాల్లో కీ వాచీ సరంజామా పెట్టారే!" అన్నారు. ప్లాస్టిక్ పళ్లు చెక్కుచెదరలేదు. వాటిని నొక్కవలసిన స్ప్రింగు మాత్రం ఎర్రటి తుప్పు పొడిలో కూరుకొని, తన గుంటలోనే బిగుసుకుపోయి ఉంది. ఆయన కుట్టుమిషను నూనె సీసా అందుకోగానే వద్దని ఆపాను. ఈ బొమ్మల ఒళ్లంతా ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్. స్క్రూ బిగుతు పడే చోట కొన్ని రకాల నూనెలు తగిలితే అది సన్నగా పగుళ్లు తీస్తుంది. నీరు దిగని వాచీల రబ్బరు రింగులకు పూసే సిలికాన్ గ్రీజు ఆయన దగ్గరే ఉంది. దాని వల్ల ఈ ప్లాస్టిక్‌కు హాని లేదు. తుప్పు తుడిచి, తన డబ్బాలోంచి అదే లావు స్ప్రింగు ముక్క కత్తిరించి పెట్టి, రవ్వంత గ్రీజు అద్ది కొత్త స్క్రూ బిగించారు. టిక్కు తిరిగి వచ్చింది, అదీ ఎడమ కాలి కంటే గట్టిగా. ఇంత మంచి కీలును ఆలోచించి చేసినవారు తుప్పు పట్టని స్ప్రింగు ఒకటి వేసి ఉండకూడదా అన్న బాధ మాత్రం నాకు ఇంకా ఉంది.

రూపం మార్చడం సులువని కొన్న కొత్తలో తెలిసినవారందరికీ చెప్పాను. వరుస తప్పకుండా చేస్తే ఆ మాట ఇప్పటికీ నిజమే. అయితే లారీ ముందు అద్దం పారదర్శక ప్లాస్టిక్‌తో చేసినది, దాని అంచు గుండానే లోహపు పిన్ను దూర్చారు. తలుపులు పూర్తిగా బయటకు లాగకముందే ఛాతీని మడిస్తే ఆ ఒత్తిడంతా పిన్ను చుట్టూ పడుతుంది. మా మేనల్లుడు నాలుగైదుసార్లు తొందరగా మార్చిన తరువాత వెలుతురులో పట్టి చూస్తే, పిన్ను దగ్గర గోటి అంచంత తెల్లని గీత కనిపించింది. పారదర్శక ప్లాస్టిక్ మామూలు దాని కంటే పెళుసు కనుక ఆ గీత ఏదో ఒకనాడు పగులుగా మారక తప్పదు. అందుచేత ఇప్పుడు దానిని ఎప్పుడూ రోబో రూపంలోనే ఉంచుతున్నాను. రూపం మారడం కోసమే పుట్టిన బొమ్మను మార్చడానికి జంకవలసి రావడం, నా దృష్టిలో, తుప్పు కంటే పెద్ద లోపం. తుప్పుకు మందు దొరికింది, దీనికి దొరకలేదు; విడిభాగాలు అమ్మేవారూ ఎవరూ కనిపించలేదు. పాదాల లోహపు బరువును కూడా నేను మొదట్లో బాగా పొగిడాను, నిలకడకు అది నిజంగానే పనికివస్తుంది. కాకపోతే కాలివేళ్ల దగ్గర రంగు పెచ్చులుగా లేచింది.

కొనవచ్చా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. 2023 నుంచి బొమ్మల మీద దిగుమతి సుంకం 70 శాతం ఉంది కనుక ఇటువంటివి చవకగా రావు. పిల్లలు ఆడుకోవడానికైతే నేను దీనిని సూచించను. 2021 జనవరి 1 నుంచి తప్పనిసరైన ఐఎస్ఐ గుర్తు ఉన్నదీ, పిన్నులు తక్కువ ఉన్నదీ వారికి చూడండి. కనిగిరి, మార్కాపురం వైపు ఉండి, భంగిమలు పెట్టి చూసుకోవడమే ఇష్టమైతే ఉప్పు గాలి బెడద లేదు కనుక మీకు నాకంటే మంచి అనుభవమే దక్కవచ్చు. తీరంలో ఉన్నవారు మూసి ఉంచే అద్దాల అలమర, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టుకోగలిగితేనే ఆలోచించండి. నాకు చేతనైన వాచీ మెకానిక్ దగ్గరలో ఉన్నారు, బొమ్మను లారీగా చూడకపోయినా నాకు వెలితి లేదు. కనుక నా వరకు డబ్బు వృథా కాలేదు. ఎడమ తుంటిలో ఇంకా పాత స్ప్రింగే ఉంది. అది కూడా మొరాయించక ముందే, వచ్చే వానలలోపు మార్పించాలనుకుంటున్నాను.