3600 స్పీడా, 32 జీబీనా? నాలుగేళ్లు వాడాక ర్యామ్ సంగతి

కడపలో ఫ్లెక్స్ డిజైనింగ్‌కి నాలుగేళ్లుగా పొద్దస్తమానం నడుస్తున్న సిస్టమ్ ఇది. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

మొదట్లో 2666 స్పీడు 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉండేది. దాన్ని పీకేసి 3600వి 8 జీబీ స్టిక్కులు రెండు వేసిన రోజు మెషీన్ లేచి పరుగెత్తింది. దుడ్లు పెడితే స్పీడు మీదే పెట్టాలని అప్పట్లో అడిగినవాళ్లకల్లా చెప్పాను. ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క స్టిక్ ఉంటే ఒక్క చానెలే (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) పనిచేస్తుంది, రెండోది పడగానే దారి రెండింతలైంది. పైగా 8 కాస్తా 16 అయింది. కార్డు లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. 3200 జత వేసినా ఇంచుమించు అంతే ఉండేది.

రెండు చానెళ్లలో 3200 ర్యామ్ సెకనుకు 51.2 జీబీ మోస్తుంది, 3600 అయితే 57.6. ఎనిమిదో వంతు ఎక్కువ, అంతే. జాగా చాలకపోతే మాత్రం నష్టం చాలా పెద్దది. దేవుని కడప రథోత్సవానికి 20 అడుగులు బై 10 అడుగుల ఫ్లెక్స్ అనుకోండి. 72 డీపీఐ (అంగుళానికి 72 పిక్సెళ్లు), సీఎంవైకే అనే నాలుగు ప్రింటు రంగుల్లో అది 17,280 బై 8,640 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 4 బైట్లు. నిండుగా ఉన్న లేయరు ఒక్కటే సుమారు 600 ఎంబీ. స్వామివారు, రథం, తోరణం, కింద వరసగా నాయకుల ఫొటోలు (అవి ఎన్నో ప్రింటుకు పోయేదాకా తేలదు). 16 జీబీలో గ్రాఫిక్స్‌కని బయోస్ (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్) 2 జీబీ పక్కన పెట్టేసింది. విండోస్, క్రోమ్, వాట్సాప్ వాటా పోతే ఫొటోషాప్‌కి పదో, అంతకన్నా తక్కువో. అది నిండిందా, పనంతా స్క్రాచ్ డిస్క్ మీద, అంటే ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే డ్రైవ్ మీద పడుతుంది. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది, అంటే ర్యామ్ కంటే తొంభై రెట్ల పైగా నిదానం.

మీకు ఎంత ర్యామ్ కావాలో ఫొటోషాపే చెబుతుంది. కింద స్టేటస్ బార్‌లో బాణం నొక్కి ఎఫిషియన్సీ ఎంచుకోండి. 100 ఉన్నంతసేపు ర్యామ్ సరిపోతోంది. అస్తమానం అంతకు తగ్గుతుంటే స్పీడు ర్యామ్ కొని లాభం లేదు.

16 చాలక, ఏడాదిన్నర తర్వాత అదే కంపెనీ, అదే మోడల్ నంబరువి ఇంకో రెండు తెచ్చి నాలుగు స్లాట్లూ నింపాక మొదలైంది అసలు తలనొప్పి. ఎక్స్‌ఎంపీ 3600 (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి నడిపే బయోస్ సెట్టింగు) ఆన్‌లోనే ఉంది, విండోస్ లేచింది, 32 చూపించింది. బ్లూ స్క్రీన్ వచ్చినా బాగుండు, రాలేదు. పెద్ద టిఫ్ ఫైలు సేవ్ చేసి మళ్లీ తెరిస్తే కింది సగంలో అడ్డంగా గులాబీ చార. ఒక్కోసారి ఆ చార ఫ్లెక్స్ ప్రింటయి బయటికి వచ్చాకే కంటబడేది. అనుమానం ముందు ఎస్ఎస్‌డీ మీదికి, తర్వాత పెన్‌డ్రైవ్ మీదికి పోయింది. ర్యామ్ వంతు ఆఖర్న వచ్చింది.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రిపూట నడిపితే నాలుగు పాసులూ శుభ్రం. మే నెల మధ్యాహ్నం నడిపితే రెండో పాసులోనే ఎర్రర్లు. ర్యామ్ సెల్‌లో నిలవుండే చార్జి వేడికి తొందరగా కారిపోతుంది, మన ఎండలకు క్యాబినెట్ లోపల ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు. అందుకే టెస్టు ఎప్పుడైనా ఎండపూటే పెట్టండి. ఏ జతకాజత విడిగా వేస్తే 3600లో రెండూ పాసే, కలిపితే ఫెయిల్. స్టిక్ మీది హీట్ స్ప్రెడర్ రేకు సందులోంచి టార్చి కొట్టి చూస్తే పాతవాటి మీద 8 చిప్పులు, కొత్తవాటి మీద 4. పైన స్టిక్కరు ఒకటే, లోపల సరుకు వేరు. అసలు 5600జీకి అధికారికంగా చెప్పింది 3200 వరకే. ఆపైన నడిస్తే మన అదృష్టం, అందులోనూ నాలుగు స్టిక్కులంటే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కి బరువు.

దారికొచ్చింది ఇట్లా: ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీ 3200కి, ఎఫ్‌సీఎల్‌కే (ప్రాసెసర్ లోపలి దారి స్పీడు) 1600కి దించి, వోల్టేజి 1.35 దగ్గరే ఉంచి, టైమింగ్ సీఎల్ 18ని (ర్యామ్ జవాబివ్వడానికి పట్టే క్లాక్‌ల లెక్క) కదపలేదు. స్పీడు తగ్గించాం కదా అని టైమింగ్ 16కి బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. లేటెన్సీ (జవాబుకు పట్టే సమయం) 10 నానోసెకన్ల నుంచి 11.25కి పెరిగింది, పనిలో చేతికేమీ తెలియలేదు. రెండేళ్లయింది, చార మళ్లీ రాలేదు.

బోర్డు మీది సీఆర్2032 సెల్ (గుండ్రటి చిన్న బ్యాటరీ) కూడా చూసుకోండి. అది అయిపోయాక కరెంటు పోయి వస్తే బయోస్ సెట్టింగులు ఎగిరిపోతాయి, ర్యామ్ చప్పుడు చేయకుండా 2133కో 2400కో పడిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో స్పీడు కనబడుతుంది.

ఇదంతా పెద్ద ఫ్లెక్సుల పనికి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే అంగడికి 4 జీబీవి రెండున్నా నడిచిపోతుంది. కార్డు లేకుండా గేములాడే పిల్లలకు మాత్రం స్పీడు నిజంగా పనికొస్తుంది. డీడీఆర్5కి (ఈ డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్‌కి) పోయేవాళ్లు నాలుగు స్టిక్కుల జోలికే పోవద్దు: రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో 5200 అని, నాలుగైతే 3600 అని ఏఎండీనే రాసింది.

ఈ సిస్టమ్‌కే మళ్లీ కొనాల్సొస్తే 16 జీబీవి రెండు, 3200, ఒకే ప్యాకెట్లో వచ్చినవి తీసుకుంటా. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో వేసి మిగతా రెండూ ఖాళీగా వదిలేస్తా.