జాగ్రత్త: మడ్డీ వాటర్స్ 1941 పాటలంటూ అమ్ముతున్న ఆ ఎల్పీ కొనకండి

బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) రికార్డులు కొనే మిత్రులందరికీ. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ తొలినాళ్ల అకూస్టిక్ (కరెంటు వాద్యాలు లేని) రికార్డింగులు, మిసిసిపీ, 1941-42 అని అట్ట మీద అచ్చేసిన ఒక ఎల్పీ (సూది పెట్టి వినే పెద్ద రికార్డు) ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. 3,400 రూపాయలు పెట్టి కొని నిలువునా మోసపోయాను. మీరు డబ్బు పంపేముందు ఇది చదవండి.

అసలు రికార్డింగుల సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడుందో అర్థం కాదు. 1941 ఆగస్టులో అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, ఫిస్క్ యూనివర్సిటీ నుంచి సంగీత పండితుడు జాన్ వర్క్ కలిసి మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ దగ్గరున్న స్టోవాల్ ప్లాంటేషన్‌కు వెళ్లారు. అక్కడ ట్రాక్టర్ నడుపుకుంటూ బతికే మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ ఇంట్లోనే పాటని అక్కడికక్కడే డిస్కు మీద గాడిగా కోసి రికార్డు చేసే యంత్రం పెట్టి పాడించారు. మరుసటి ఏడాది జులైలో లోమాక్స్ మళ్లీ వచ్చి ఇంకొన్ని పాటలు తీసుకున్నాడు. 1943లో మార్గన్‌ఫీల్డ్ చికాగో రైలెక్కేశాడు. లోకమంతా మడ్డీ వాటర్స్ అని పిలిచేది ఆ మనిషినే. చికాగో వెళ్లాక ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. కాబట్టి ఆ పల్లె ఇంట్లో, వేలికి సీసా మెడ ముక్క తొడుక్కుని ఆయన వాయించిన మామూలు గిటార్ వినాలంటే ఈ రికార్డింగులే దిక్కు.

వీటి సీడీ నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. 1993లో చెస్ అనే రికార్డు కంపెనీ పేరుతో వచ్చింది, మొత్తం 22 ట్రాకులు. ఎల్పీ మీద వినాలన్న కోరికతోనే ఇది తెప్పించుకున్నాను.

సూది పెట్టగానే అనుమానం వచ్చింది. పొలాల మధ్య కోసిన ఆ డిస్కుల్లో పాట వెనకాల సన్నగా గరగర ఉంటుంది, రేకుల కప్పు మీద తుంపర పడుతున్నట్టు. దీన్లో ఆ చప్పుడు చుక్క లేదు. గరగర తీసేస్తే మంచిదే కదా అనుకోకండి. దాంతోపాటు తీగ మీద గాజు జారే రాపిడి కూడా పోయింది. సాగదీసిన స్వరం చివర తీగ కాసేపు వణికి ఆగుతుంది కదా, ఆ వణుకు దగ్గరికొచ్చేసరికి దూది కుక్కినట్టు అణిగిపోయింది. నాకు ప్రాణమైన చోటు అదే.

అసలు ఘోరం మూడో పాటలో. లేబుల్ మీద ‘ఐ బీస్ ట్రబుల్డ్’ అని ఉంది. 1941లో ఆ పాటకి ఆయన ఒక్కడే, పక్క వాద్యం లేదు. ఇందులో మాత్రం కింద బేస్ (మందర స్వరాల తీగ వాద్యం) దుమ్ముదుమ్ముమని వినిపిస్తోంది, గిటార్ కూడా ఆంప్లిఫయర్‌లోంచి వస్తున్నదే. సీడీ పెట్టి పక్కపక్కన మూడుసార్లు విన్నాను. అది 1948లో చికాగోలో అరిస్టోక్రాట్ రికార్డు కంపెనీకి చేసిన ‘ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్’. బేస్ వాయించింది బిగ్ క్రాఫర్డ్. ఆ పాత పాటనే మడ్డీ చికాగోలో తిరగ పాడాడు కాబట్టి వరస ఒకటే. కొత్తగా వినేవాళ్లు సులువుగా పడిపోతారు. ఆ పోలిక చూసుకునే పేరు మార్చి వేశారని నా అభిప్రాయం.

రెండో వైపు రెండు పాటలు 1964లో వచ్చిన ‘ఫోక్ సింగర్’ ఆల్బంలోవి. అవి అకూస్టిక్ మాట నిజమే, పక్కన బడ్డీ గై గిటార్ కూడా అద్భుతంగా ఉంటుంది. కానీ అది స్టూడియోలో పాడిన యాభై ఏళ్ల మనిషి గొంతు. తొలినాళ్లది ఎలా అవుతుంది?

ఆ రోజుల్లో ఆయనతో మాట్లాడి రికార్డు చేసిన సంభాషణలు ఒక్కటీ ఈ ఎల్పీలో లేవు. సీడీలో నాలుగున్నాయి. ‘కంట్రీ బ్లూస్’ పాట ఎప్పుడు కట్టావని లోమాక్స్ అడిగితే, 1938 అక్టోబరులో కారు పంక్చర్ వేస్తుంటే మనసులోకి వచ్చిందని ఆయన నెమ్మదిగా, కొత్తవాళ్ల ముందు బెరుగ్గా చెబుతాడు. ఆ మాటలు విన్నాక పాట వేరేలా వినిపిస్తుంది. వాటిని కోసిపారేశారు. అట్ట వెనక జాన్ వర్క్ పేరు కూడా లేదు. ఆయన పేరు చాలాకాలం మరుగున పడింది, ఇప్పుడు కూడా ఎగరగొట్టడం నాకు చాలా బాధేసింది.

అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే మొదట ‘సార్, ఇంపోర్టెడ్ పీస్’ అన్నాడు. పాటల తేడా ఒక్కొక్కటీ చెప్పాను. ‘సీల్ చించాక వెనక్కి తీసుకోం’ అన్నాడు. సీల్ చించకుండా పాట ఎలా వింటామండీ? ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. యూపీఐలో నేరుగా పంపాను కాబట్టి డబ్బు వెనక్కి తెచ్చుకునే దారి దొరకలేదు.

కొనేముందు ముందువైపు అట్ట ఫోటో ఒక్కటే చూసి ఒప్పుకోకండి. వెనక అట్ట, లేబుల్ రెండు వైపులా, పాటలయ్యాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి భాగంలో చెక్కిన నంబర్ అడగండి. ప్రతి పాటకీ తేదీ, ఊరు రాసి ఉందో లేదో చూడండి. ఈ రికార్డింగులు పద్ధతిగా వేసేవాళ్లు ఆ వివరాలు వదలరు. పాటల పట్టీ ఇవ్వనంటే అక్కడితో మానుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీసుకోలేదు.

నిన్న రాత్రి చూస్తే అదే ఫోటోతో ఇంకో కాపీ పెట్టాడు, ధర 4,200. లేత గోధుమరంగు అట్ట, పత్తి చేను బొమ్మ. మీలో ఎవరి దగ్గరికైనా ఇప్పటికే వచ్చి ఉంటే మొదటి వైపు మూడో పాట పెట్టి వినండి. బేస్ వినిపిస్తే నాకు చెప్పండి, అందరం కలిసి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేద్దాం.